మేనేజర్‌కి ముతక దారి

సాయంత్రం ఐదింటికి మేనేజర్‌ని చంపేయాలని నిర్ణయం జరిగిపోయింది.

ఆ సంగతి టీచరమ్మకి పొద్దున్నే, టీ కప్పు చేతిలో ఉండగా తెలిసింది. ఆవిడ కప్పు కింద పెట్టింది. పెట్టడం అంటే మామూలుగా కాదు, సాసర్లోకి సగం టీ ఒలికేలా పెట్టింది.

"ఎవరు నిర్ణయించారు?"

"నేనే," అన్నాడు తమ్ముడు, బ్రెడ్డు ముక్క తుంచుతూ.

"నువ్వెవడివిరా నిర్ణయించడానికి?"

"వాడికి ఇన్నేళ్ళు తిండి పెట్టినవాణ్ణి."

మేనేజర్ అంటే కుక్క. ఒళ్ళంతా గోధుమరంగు, మూతి మాత్రం ఇప్పుడు నెరిసిపోయింది. తమ్ముడిది ఇళ్ళ నేలలకి పాలిష్ పెట్టే కాంట్రాక్టు. ఈ కుక్క వయసులో ఉన్నప్పుడు రోజూ వ్యానెక్కి పనిచోటికి వచ్చేసేది. గుమ్మంలో కూర్చుని పనివాళ్ళని ఒక్కొక్కర్నీ ఎగాదిగా చూసేది. పనికి సాయం లేదు, చూపు మాత్రం అందరి మీదా ఉంటుంది, భోజనం టైముకి అందరికంటే ముందుంటుంది, మేనేజర్ కాక మరేంటి అన్నాడో పనివాడు. ఆ పేరే ఉండిపోయింది. ఇంట్లో అందరూ వాడనే అంటారు, అదని ఎవరూ అనరు.

"నిన్న నువ్వు మీ ఇంటికెళ్ళావు కదక్కా, ప్లంబర్లని చూసుకోడానికి. అప్పుడు హోటల్ ఆయన వచ్చాడు. ఎంత పెద్ద ఆర్డరో నీకు తెలీదు. కింద హాలు, మెట్లు, వరండా, అన్నీ. ముందు గదిలో నా పాలిష్ చూసి మురిసిపోతున్నాడు. అప్పుడు వేశాడు వీడు, ఆయన మీద పళ్ళు! చెయ్యి తప్పింది గానీ చొక్కా చిరిగింది. ఆ కుక్క ఉన్న గుమ్మం మళ్ళీ తొక్కనని చెప్పి పోయాడు."

"అయితే కుక్కని తీసేస్తావు. రేపు ఆయనకి నేను నచ్చకపోతే?"

"నువ్వు ఇంకా ఎవర్నీ కరవలేదు కదా."

"కరుస్తానేమో. ఇవాళే."

తమ్ముడు నవ్వలేదు. "వయసైపోయిందక్కా. తిండి మానేశాడు. గుమ్మంలోనే పోసేస్తున్నాడు. బుర్ర పాడైంది. డాక్టరమ్మ దగ్గర ఐదింటికి టైము తీసుకున్నా. ఒక్క ఇంజెక్షను. బాధ తెలీదు."

"ఎవరికి?"

అతను కప్పు దగ్గరికి లాక్కున్నాడు. చొక్కా జేబులోంచి మాత్రల రేకు తీసి ఒకటి టీతో మింగాడు. ఇంకోటి సగానికి విరిచి, బ్రెడ్డు అంచుముక్కతో కలిపి జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నానికి కాబోలనుకుంది టీచరమ్మ. అతను బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచాడు. మోకాళ్ళు చిటపటలాడిన చప్పుడు వంటింటి దాకా వినిపించింది.

"మోకాళ్ళెలా ఉన్నాయిరా?"

"ఉండాల్సిన చోటే ఉన్నాయి," అని పెరటి వైపు వెళ్ళి, కాసేపటికి వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

మరదలు వంటింట్లో గిన్నె తోముతోంది. ఒకే గిన్నె, చాలాసేపటి నుంచి.

"నువ్వు చెప్పలేకపోయావా అమ్మాయ్?"

"ఈ ఇంట్లో నా మాట వినేది ఆ కుక్క ఒక్కటే వదినా. ఇప్పుడు వాణ్ణీ పంపేస్తున్నారు."

టీచరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ స్కూల్లో డ్రిల్ టీచరు. ఆవిడ విజిల్ ఊదితే వీధి చివర సైకిళ్ళు కూడా ఆగేవని చెప్పుకునేవాళ్ళు. ఎండలో పరుగెత్తడం ఇష్టంలేక కాలు నొప్పని, కడుపు నొప్పని నటించే పిల్లల్ని ఆవిడ వందలమందిని చూసింది. చూసి చూసి ఒక సంగతి కనిపెట్టింది. నొప్పి లేనివాడు టీచరు చూస్తున్నప్పుడు కుంటుతాడు. నొప్పి ఉన్నవాడు టీచరు అటు తిరిగాక కుంటుతాడు.

పెరటి వరండాలో మేనేజర్ గోనెసంచి మీద పడుకుని ఉన్నాడు. చుట్టూ పాలిష్ మెషీన్లు, వాటికి బిగించే రుద్దుడు రాళ్ళ డబ్బాలు. ఆవిడని చూసి తోక రెండుసార్లు నేలకి కొట్టాడు.

"ఏమయ్యా మేనేజరూ, లేవరా!"

లేచాడు. మెల్లగానే గానీ, తిన్నగా లేచాడు. ఆవిడ దగ్గరికి నడిచి వచ్చాడు. కుంటు లేదు, మూలుగు లేదు. తల నిమిరించుకుని నిలబడ్డాడు.

"మంచిది," అని ఆవిడ లోపలికి వెళ్ళింది. ముందు గది పక్కనున్న మేడ మెట్ల మీద కూర్చుని, తలుపు వేలెడంత సందుంచి చూడసాగింది.

కాసేపటికి మేనేజర్ కదిలాడు. ఇప్పుడు చూసేవాళ్ళు లేరు. వెనక కుడికాలు నేలకి ఆనీ ఆననట్టు పెట్టి, నడుం ఒక పక్కకి ఒంచి, ముసలాయన చేతికర్ర మరిచిపోయి బయల్దేరినట్టు నడుస్తూ ముందు గది గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

ఆ ముందు గదే తమ్ముడి షోరూము. ముదురు రంగు రాయి పరిచిన పెద్ద గది. ఒక్క చాప లేదు, ఒక్క పట్టా లేదు. కుర్చీలు కూడా గోడకి ఆనుకుని ఉంటాయి, నేల కనిపించాలని. పనివ్వడానికి వచ్చేవాళ్ళని అక్కడ నిలబెట్టి, "కిందకి చూడండి, మీ మొహం మీకు కనిపించకపోతే నా పేరు మార్చుకుంటా" అంటాడు. తర్వాత గుమ్మంలో ఆగిపోయిన కుక్కని చూపించి, "వీడు మా మేనేజరండీ. నేలలో తన మొహం చూసుకుని, లోపల ఇంకో కుక్క ఉందని భయపడతాడు. నా పాలిష్‌కి ఇంతకంటే సర్టిఫికెట్టు ఏం కావాలి?" అంటాడు. అందరూ నవ్వుతారు. టీచరమ్మ కూడా ఆ కథ విని నవ్వింది. ఒకసారి కాదు, చాలాసార్లు నవ్వింది.

ఇప్పుడు తలుపు సందులోంచి చూస్తోంది. మేనేజర్ నేల వైపు చూడనేలేదు. వాడి చూపు గది అవతల వీధి తలుపు మీద ఉంది. ఒక ముందు కాలు మోపాడు. అది పక్కకి జారింది. వెనక్కి లాక్కున్నాడు. తర్వాత గోడ వారగా చేరాడు. పెద్ద మెషీను గోడ మూలకి అందదు, అక్కడ చేత్తో రుద్దాలి, ఎంత రుద్దినా మెరుపు కొంచెం తక్కువే. ఆ సన్నటి అంచుని వాడు ఎప్పుడు కనిపెట్టాడో ఏమో. పక్కటెముకలు గోడకి రాసుకుంటూ అడుగులో అడుగేసుకుంటూ సగం దూరం వెళ్ళాడు. అక్కడ ఒక కుర్చీ అడ్డొచ్చింది. కుర్చీని చుట్టుకుని వెళ్ళాలంటే అంచు వదలాలి.

వదిలాడు. వెనక కాళ్ళు రెండూ చెరో వైపుకీ జారిపోయి, కడుపు దబ్బున నేలకి తగిలింది.

అరవలేదు. కనీసం మూలగలేదు. పడినచోటే తల తిప్పి, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. కాళ్ళ కింద తడి పరుచుకుంది.

టీచరమ్మకి కళ్ళలో నీళ్ళు రాలేదు. ఆవిడకి కోపం వస్తే నీళ్ళు రావు, చెవులు వేడెక్కుతాయి.

"భయమట! మొహం చూసుకుని భయమట!" అంటూ వచ్చి వాడి కడుపు కింద తువ్వాలు దూర్చి లేపింది. "అమ్మాయ్! ఇలా రా! మీ ఆయన బుర్ర పాడైందన్నాడే, ఎవరి బుర్రో చూద్దువుగాని రా!"

మరదలు పరుగెత్తుకొచ్చింది.

"వీడికి వీధిలోనే అలవాటు, పెరట్లో పొయ్యడు. వీధిలోకి పోవాలంటే ఈ గది దాటాలి, అవునా? దాటలేడు. గుమ్మంలో ఆగుతాడు. ఎంతసేపు ఆపుకుంటాడు? ఆగినచోటే అయిపోతుంది. దానికి మతిపోయిందని పేరు పెట్టారు. గోళ్ళు చూడు, ఎంత పొడుగు పెరిగాయో. బయట తిరిగితే కదా అరగడానికి. ఈ గోళ్ళతో ఈ నేల మీద నువ్వు నడువు చూద్దాం!"

"నేనూ గోడ పట్టుకునే నడుస్తాను వదినా," అంది మరదలు చిన్నగా. "పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ."

టీచరమ్మ ఆ మాటకి ఆవిణ్ణోసారి ఎగాదిగా చూసింది. ప్రస్తుతానికి చేతిలో ఒక కేసుంది, రెండోది తర్వాత.

మేనేజర్‌ని వరండాలో పడుకోబెట్టి, చెయ్యి తల మీద పెట్టి మెల్లగా కిందికి జరిపింది. మెడ, భుజాలు, వీపు. నడుం దగ్గరికి రాగానే ఒళ్ళు బిగుసుకుంది. వాడు మూతి నాక్కున్నాడు. తల తిప్పి, గొంతులో సన్నగా గుర్రుమన్నాడు.

"హోటల్ ఆయన ఎక్కడ ముట్టుకున్నాడు?"

"ముట్టుకోవడం కాదు వదినా, చరిచాడు. 'శభాష్ మేనేజర్' అని. ఇదిగో, ఇక్కడే, నడుం మీద."

"నన్నూ అక్కడ చరిస్తే చొక్కాతో వదలను," అంది టీచరమ్మ. "సరే, తిండెందుకు మానేశాడు? నడుం నొప్పుంటే ఆకలి పోతుందా?"

మరదలు ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ బకెట్లో నానేసిన గుడ్డ చూపించింది. రాత్రి వాడు వాంతి చేసుకుంటే తుడిచిన గుడ్డ. అందులో నల్లటి పొడిలాంటి మరకలున్నాయి, కాఫీ పొడి కలిపినట్టు. విరేచనం కూడా నల్లగా పోతున్నాడని చెప్పింది.

టీచరమ్మ నడుం నిటారుగా చేసుకుంది. "ఇది వయసు కాదు. ఎవరో ఏదో పెడుతున్నారు వీడికి."

ఎవరు? పక్కింటాయనకి ఈ కుక్కంటే మొదట్నుంచీ గిట్టదు. అరుపులకి నిద్ర పట్టదని ఎన్నోసార్లు గొడవకొచ్చాడు. ఆవిడ తిన్నగా వెళ్ళి ఆయన తలుపు తట్టింది. నమస్కారం కూడా పెట్టలేదు.

"మా కుక్కకి ఏం పెట్టారు?"

ఆయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. "నేనా? ఏం పెట్టానమ్మా?"

"అరుస్తోందని మీకు మంట కదా!"

"అరుస్తోందా?" ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అది అరిచి ఎన్నాళ్ళయిందో మీకు తెలుసా? మొన్ననే మా ఆవిడతో అన్నాను, పక్కింటి ముసలోడు పోయాడేమో కనుక్కోవే అని. అరవకపోతే నిద్ర పట్టడం లేదమ్మా, అలవాటైపోయి!"

ఆయన మొహంలో నటన లేదు. నటన సంగతి ఆవిడకి తెలుసు. వెనక్కి వచ్చింది, చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

తమ్ముడు చెప్పిన టైముకి వ్యాను తెచ్చాడు. గడప దాటకముందే మొదలుపెట్టింది ఆవిడ. నడుం నొప్పని, నేల జారుతోందని, ఎవరో విషం పెడుతున్నారని. అతను చెప్పులు విప్పకుండా అలాగే నిలబడి విన్నాడు. విషం అన్న మాట దగ్గర మొహం ఎర్రబడింది.

"ఎవడు పెడతాడక్కా విషం? సినిమాలు ఎక్కువ చూస్తున్నావు నువ్వు."

"అయితే నల్లగా ఎందుకు కక్కుతున్నాడు?"

"ముసలితనం."

"నీకూ వస్తోంది ముసలితనం. నువ్వు కక్కుతున్నావా?"

"టైమవుతోంది," అని అతను కుక్కని ఎత్తుకోబోయాడు. వంగగానే మోకాలు మొరాయించింది. చివరికి మేనేజర్‌ని తువ్వాలులో ఉయ్యాల కట్టినట్టు ఇద్దరూ చెరో వైపూ పట్టుకుని వ్యానులో పెట్టారు. దారంతా టీచరమ్మ తమ్ముడితో ఒక్క మాటా మాట్లాడలేదు. మెషీన్ల మధ్యలో కూర్చుని కుక్కతోనే మాట్లాడింది, అతనికి వినపడేలా.

డాక్టరమ్మ నడివయసు మనిషి. తెల్లకోటు నిండా నాలుగు రంగుల వెంట్రుకలు. బల్ల మీదికి ఎత్తొద్దు, కింద దించండి అంది. ఆ గది నేలంతా గరుకు రబ్బరు పరిచి ఉంది.

దించారు. మేనేజర్ నిలబడ్డాడు. ఒక అడుగు వేశాడు. కాలు జారలేదు. నమ్మకం లేనట్టు కాసేపు ఆగి, ఇంకో అడుగు వేశాడు. తర్వాత ఆ గది మొత్తం, కుంటుతూనే గానీ, తోక ఊపుకుంటూ ఒక చుట్టు చుట్టి, మూలనున్న చెత్తబుట్టని వాసన చూసి, తలుపు దగ్గరికెళ్ళి గుమ్మంలో కూర్చున్నాడు. కూర్చుని ముగ్గుర్నీ ఒక్కొక్కర్నీ ఎగాదిగా చూశాడు.

"వీడు నడుస్తున్నాడేంటి?" అన్నాడు తమ్ముడు.

"నడవడా మరి? కాళ్ళున్నాయి కదా!" అంది టీచరమ్మ.

డాక్టరమ్మ కింద కూర్చుని తుంటి కీళ్ళు కదిపి చూసింది, వెన్ను నొక్కి చూసింది. కీళ్ళు అరిగిపోయాయంది, నడుం దగ్గర బాగా నొప్పుందంది. చిగుళ్ళు పైకెత్తి చూసి మొహం చిట్లించింది. పాలిపోయి ఉన్నాయి. నల్లటి వాంతి సంగతి విని ఒక్కటే ప్రశ్న అడిగింది.

"ఇంట్లో మాత్రలేమైనా వేశారా? మనుషులు వేసుకునేవి?"

"ఎవరు వేస్తారండీ," అంది టీచరమ్మ. "ఎవరో గిట్టనివాళ్ళు..."

తమ్ముడు గోడమీద బొమ్మ వైపు చూస్తున్నాడు. పిల్లి పళ్ళ బొమ్మ. దాన్ని అంత శ్రద్ధగా చూడాల్సిన అవసరం పిల్లి డాక్టర్లకి కూడా ఉండదు. తర్వాత చొక్కా జేబులోంచి మాత్రల రేకు తీసి బల్ల మీద పెట్టాడు. దాని వెంట అంటుకుని బ్రెడ్డు పొట్టు రాలింది.

"సగమేనండీ," అన్నాడు. "పొద్దున సగం, సాయంత్రం సగం. బ్రెడ్డులో పెట్టి. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ."

డాక్టరమ్మ రేకు తిప్పి మందు పేరు చదివింది. మేనేజర్ మాత్రం బ్రెడ్డు వాసనకి ముక్కు ఎత్తి, వెంటనే మొహం తిప్పేసుకున్నాడు.

"అంటే నీకు తెలుసు," అంది టీచరమ్మ మెల్లగా. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం తమ్ముడు ఎప్పుడూ వినలేదు. "వీడికి నొప్పని నీకు తెలుసు. తెలిసీ, వచ్చిన ప్రతివాడికీ మొహం చూసుకుని భయపడే కథ చెప్పావు. అందరం నవ్వాం. తెలిసి ఇవాళ ఇంజెక్షనుకి తీసుకొచ్చావు!"

"తెలుసు!" అతను అరిచాడు. "నొప్పని తెలుసు! నాకు లేదా నొప్పి? నేనెవరికి చెప్పాను? పొద్దున్నే ఒకటి మింగుతా, మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతా, సాయంత్రం ఇంకోటి మింగుతా. మా పనిలో అందరూ అంతే. వాడూ మా పనివాడే కదా, మింగితే సర్దుకుంటుందనుకున్నా. కథంటావా, మొదట్లో నిజమనే అనుకున్నానక్కా. తర్వాత... చెప్పడం అలవాటైపోయింది. రోజురోజుకీ తిండి తగ్గిపోయింది. మందేసినా తగ్గట్లేదంటే ఇక పని అయిపోయిందనుకున్నా. ఇంకేం చెయ్యను?"

"అడగాలి!" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతు కూడా లేచింది. "ఫోను చేసి ఒక్క మాట అడగాలి! నెలకి ఇద్దరు ముగ్గురైనా వస్తారు నా దగ్గరికి, ప్రేమకొద్దీ సొంత మాత్రలు వేసి తీసుకొచ్చేవాళ్ళు. ఈ మాత్ర మీ ఒంట్లో ఒకలా పనిచేస్తుంది, వీడి ఒంట్లో ఇంకోలా. కడుపులో పుండ్లు పడతాయి. మూత్రపిండాలు పోతాయి. ఆ నల్లటిది రక్తమండీ. మీరు నొప్పి తగ్గిద్దామని కడుపు తూట్లు పొడిచారు."

తమ్ముడు బెంచీ మీద కూర్చుండిపోయాడు. అతని పెద్ద చేతులు, రాతి పొడి ఇంకిపోయిన గోళ్ళు, ఒళ్ళో ఎటు పెట్టాలో తెలియనట్టు పడి ఉన్నాయి.

రక్తం తీసి పరీక్షకి పెట్టారు. ఆ కాసేపూ ముగ్గురూ పరీక్ష చేసే మెషీను వైపే చూస్తూ కూర్చున్నారు. మూత్రపిండాలు పోయి ఉంటే చేయగలిగింది తక్కువని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. మేనేజర్ ఒక్కడే నిశ్చింతగా గుమ్మంలో పడుకున్నాడు.

కాగితం చూసి డాక్టరమ్మ ఊపిరి వదిలింది. "దెబ్బతిన్నాయి గానీ పోలేదు."

"మరి ఆ ఇంజెక్షను?" అన్నాడు తమ్ముడు.

"ఇవాళ నేనిచ్చేది కడుపుకి. ఆ రెండోది ఇవ్వాల్సిన రోజు వస్తే నేనే చెబుతాను. రాదని చెప్పను, ముసలివాడే. కానీ అది ఇవాళ కాదు."

కడుపు మానాక కుక్కలకి ఇచ్చే నొప్పి మందు తనే రాసిస్తానంది. అప్పటిదాకా ఇంట్లోది ఏదీ వేయొద్దు, చిటికెడు కూడా. గోళ్ళు అక్కడే కత్తిరించింది. మెత్తటి మందపాటి పరుపు వేయండి, చల్లగాలి తగలనివ్వకండి, గిన్నెలు కాస్త ఎత్తులో పెట్టండి, మెట్లెక్కాలంటే కడుపు కింద తువ్వాలు పట్టండి, రోజూ కొంచెం కొంచెం నడిపించండి. "అన్నిటికంటే ముందు ఆ నేల సంగతి చూడండి. జారిన ప్రతిసారీ ఆ నడుం మళ్ళీ బెణుకుతుంది. నేను ఎన్ని మందులిచ్చినా దండగే." తర్వాత బల్ల మీద రేకు చూపించి తమ్ముణ్ణి అడిగింది, "మీ మోకాళ్ళు ఎవరికైనా చూపించారా?"

"నా మోకాళ్ళకేమండీ," అన్నాడు.

"చూపిస్తాడు," అంది టీచరమ్మ.

ఇల్లు చేరగానే ఆవిడా మరదలూ కలిసి ఇంట్లో ఉన్న పట్టాలన్నీ, దుప్పట్లన్నీ ముందు గదిలో పరిచారు. టీచరమ్మ వాటిమీద ఒక్క అడుగు వేసింది. పట్టా కాలి కింద నుంచి చేపలా జారిపోయింది. మరదలు పట్టుకోకపోతే ఆవిడ తుంటి కూడా డాక్టరుకి చూపించాల్సి వచ్చేది.

"అవి ఆగవు," అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి. మేనేజర్ ఆగే గుమ్మమే అది. "ఈ పాలిష్ మీద ఏదీ ఆగదు. రబ్బరు పట్టా అయితే ఆగుతుంది, కానీ కింద తడి చేరి కంపు కొడుతుంది." కాసేపు గదిని చూస్తూ నిలబడ్డాడు. "స్నానాల గదుల్లో మేం ముతక రాయి దగ్గరే ఆపేస్తాం. నున్నరాయి దాకా వెళ్ళం. తడికాళ్ళకి పట్టుండాలి కదా, మనుషులు పడిపోతారు..."

ఆ మాట పూర్తి కాకుండానే అతనికి అర్థమైంది. కానీ టీచరమ్మ ఊరుకునే రకం కాదు.

"మనుషులు పడిపోతారని తెలుసు! ఊళ్ళోవాళ్ళ స్నానాల గదిలో ఎవరో తెలియనివాడు జారి పడతాడని తెలుసు! ఇంట్లో వాడు పడతాడని తెలీదు! నీ పెళ్ళాం ఇన్నేళ్ళుగా గోడ పట్టుకుని నడుస్తోంది, అదీ తెలీదు! మొహం కనిపించే నేలట! ఎవరి మొహం కనిపించింది నీకు ఇందులో, నీది తప్ప?"

తమ్ముడు నోరు తెరిచి, మరదలు వైపు చూశాడు. "నువ్వూనా?" అన్నాడు.

"కాఫీలు పట్టుకొచ్చేటప్పుడు మరీ కష్టం," అంది మరదలు.

అతను వరండాలోకి వెళ్ళాడు. చేతి మెషీనూ, ముతక రాయీ, బకెట్టుతో నీళ్ళూ తెచ్చాడు. సుద్దముక్కతో పెరటి గుమ్మం నుంచి వీధి తలుపు దాకా రెండు గీతలు గీశాడు. మధ్యలో మంచినీళ్ళ గిన్నె వైపు ఒక పాయ. కుర్చీలు జరిపించాడు. అంతా సిద్ధం చేసుకుని నేలమీదికి వంగాడు. చేతిలో మెషీను ఉంది, మీట నొక్కలేదు.

ఆ నేలని అతనొక్కడే చేశాడు, పనివాళ్ళని ముట్టుకోనివ్వలేదు. ముతక రాయి నుంచి మొదలుపెట్టి ఒక్కో రాయీ మారుస్తూ, ఆఖరికి గుడ్డతో, అరచేత్తో. ఊళ్ళో అతనికున్న పేరంతా ఆ గదిలోంచి వచ్చిందే.

"ఆగు," అంది టీచరమ్మ. కుర్చీలోని దిండు తీసి అతని ముందు పడేసింది. "మోకాళ్ళ కింద పెట్టుకో."

"దిండేసుకుని పాలిష్ చేసేవాణ్ణి చూశావా ఎక్కడైనా? పనివాళ్ళు చూస్తే నవ్వుతారు."

"విజిల్ ఇంకా నా సంచీలోనే ఉంది. ఊదమంటావా?"

దిండు పెట్టుకున్నాడు. మీట నొక్కాడు. ముతక రాయి అద్దం మీద పడి కీచుమంది. నీళ్ళు బూడిదరంగు మడ్డిగా మారి పాయలు కట్టాయి. మరదలు పాత గుడ్డలతో ఆ మడ్డి తుడుస్తూ అతని వెనకే జరిగింది. మధ్యలో ఒకసారి అతను మెషీను ఆపి, తుడిచిన చోట అరచెయ్యి ఆనించి, ఎదరకి తోసి చూశాడు. చెయ్యి జారలేదు. ఇంకా గట్టిగా తోశాడు. జారలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు.

నేల ఆరాక మేనేజర్‌ని తీసుకొచ్చారు. వాడు అలవాటుగా గుమ్మంలో ఆగాడు. ముందు కాలు మోపాడు. పక్కకి పోతుందేమోనని అలాగే బిగపట్టి నిలబడ్డాడు. పోలేదు. రెండో కాలు పెట్టాడు. ఆ బూడిదరంగు చార మీద నడుచుకుంటూ సగం దాకా వెళ్ళి, అందరూ వీధిలోకి పోతాడని చూస్తుంటే, ఏ తొందరా లేనట్టు అక్కడే పడుకున్నాడు. గది నడిబొడ్డున.

"ఇంత కష్టపడి దారి వేస్తే దాని మీద పడుకుంటాడేంట్రా!" అన్నాడు తమ్ముడు.

"మేనేజర్ కదా," అంది మరదలు. "పని తనిఖీ చేస్తున్నాడు."

తర్వాతి వారం హోటల్ ఆయన ఫోను చేయకుండా వచ్చాడు. కుక్కని తీసేశారా లేదా అని అడగబోయి, నేల చూసి ఆగిపోయాడు.

"ఏమిటయ్యా ఇది? అద్దంలాంటి నేలకి ఈ మచ్చేమిటి?"

"మా వాడి దారండీ," అన్నాడు తమ్ముడు. "మీరు ఆ రోజు చరిచిన చోట వాడికి నొప్పుంది. మీకు తెలీదు. నాకు తెలుసు. తెలిసీ మీకు చెప్పకుండా నవ్వించాను. చొక్కా కొనిస్తాను. కుక్క మాత్రం ఇక్కడే ఉంటుంది."

"కుక్క కోసం నేల పాడు చేసుకునేవాడికి నా హోటల్ ఎలా ఇవ్వమంటావు?"

"ఇవ్వకండి!" తమ్ముడి గొంతు లేచింది. "మీ మెట్లు కూడా అద్దంలా చేయమన్నారు మీరు. మీ అమ్మగారు ఆ మెట్లు ఎక్కుతారన్నారు. నేను చెయ్యను. చేసేవాళ్ళు దొరుకుతారు, వెతుక్కోండి."

హోటల్ ఆయన విసురుగా వెనక్కి తిరిగాడు. ఆలోచించుకుని చెబుతానన్నాడో, నీ సంగతి చెబుతానన్నాడో సరిగ్గా వినపడలేదు. మెట్ల మీద కూర్చుని చూస్తున్న టీచరమ్మకి మాటలతో పని లేదు, ఆవిడ కళ్ళు ఆయన కాళ్ళ మీద ఉన్నాయి. అంత కోపంలోనూ ఆయన పాదాలు మెరిసే నేలని వదిలేసి, ముతక చార వెతుక్కుని, దాని మీదుగా టకటకా నడిచి వీధిలో పడ్డాయి.

వెనకే మరదలు ఖాళీ కప్పులు పట్టుకుని వెళ్ళింది. గోడ పట్టుకోలేదు. ఆవిడా చార మీదే. కాసేపటికి పక్కింటాయన ముసలోడు మళ్ళీ మొరుగుతున్నాడే అని చూడ్డానికొచ్చాడు. ఆయనా అంతే.

తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటక్కా ఇది? చుట్టూ ఇంత నేలుంది! ఇంత మెరుపుంది! ఒక్కడంటే ఒక్కడు దాని మీద అడుగు పెట్టడేంటి? అందరూ కుక్క దారిలోనే నడుస్తారా?"

అంటూ అతను వంటింటి వైపు వెళ్ళాడు, మోకాళ్ళు చిటపటలాడిస్తూ. టీచరమ్మ అతని పాదాల వైపు చూసింది. మేనేజర్ కూడా తల ఎత్తి చూశాడు. వాడు దారికి అడ్డంగా పడుకుని ఉంటే, తమ్ముడు ఆగి, గొణుక్కుంటూ, వాడు జరిగేదాకా చార మీదే నిలబడ్డాడు.